తొంభై ఆరు నిమిషాలు

ఆదోని స్టేషన్‌లో మెయిల్ బండి రెండు నిమిషాలే ఆగుతుంది. భీమసేనరావు చావడానికి అంతసేపు కూడా పట్టలేదు.

1986 ఫిబ్రవరి. ఉదయం ఎనిమిది గంటలు. ప్లాట్‌ఫారం చివరి బెంచీ మీద ఖాకీ బట్టల్లో, చేతిలో టూల్ బాక్సుతో ఒక మెకానిక్ కూర్చుని ఉన్నాడు. బాక్సు మీద తెల్ల రంగుతో ‘స్టెబిలైజర్ రిపేర్’ అని రాసి ఉంది. లోపల స్క్రూడ్రైవర్లతో పాటు ఒక పిస్తోలు ఉంది. మనిషి పేరు దత్తాత్రేయ. హైదరాబాద్‌లోని సీక్రెట్ బ్యూరోలో పన్నెండేళ్ల సర్వీసు.

మెయిల్ బండి వచ్చి ఆగింది. అరవై దాటిన ఒక పెద్దమనిషి తొందర తొందరగా బెంచీ దగ్గరికి వచ్చాడు. నుదుట మాధ్వులు పెట్టుకునే నల్లటి అంగారం గీత, పంచెకట్టు, ఒక చేతిలో రెండు గిన్నెల టిఫిన్ క్యారియర్, చంకలో అట్ట వేసిన స్తోత్రాల పుస్తకం. బండి ఎక్కబోతూ ఊరికే పలకరించినట్టు అడిగాడు.

"కరెంటు ఉందా?"

"ఉంది గానీ నమ్మకం లేదు," అన్నాడు దత్తాత్రేయ.

కోడ్ సరిపోయింది. పెద్దాయన పుస్తకాన్ని బెంచీ మీద పెట్టి బండి వైపు తిరిగాడు. ఇంజను కూత వేసింది. కదులుతున్న కిటికీలోంచి మొనకు విషపు సూది బిగించిన ముడిచిన గొడుగు ఒకటి బయటికి వచ్చి ఆయన మెడకు తగిలీ తగలనట్టు తగిలింది. జనంలో అది ఎవరికీ కనిపించలేదు. భీమసేనరావు టిఫిన్ క్యారియర్ ఒలికిపోకుండా జాగ్రత్తగా కింద పెట్టాడు. ఆ తర్వాత తనూ దాని పక్కనే ఒరిగిపోయాడు. దత్తాత్రేయ చేరేసరికి చెయ్యి చల్లబడుతోంది. గొడుగు ఉన్న పెట్టె అప్పటికే సిగ్నలు దాటింది.

పుస్తకం అట్టలో ఐదుంపావు అంగుళాల ఫ్లాపీ డిస్క్ ఒకటి కుట్టి ఉంది.

దత్తాత్రేయకు స్టేషన్లంటే పడదు. మనుషులు చెప్పకుండా వెళ్లిపోయేది అక్కడినుంచే అని అతనికి బాగా తెలుసు.

నిన్న మధ్యాహ్నం చీఫ్ ఇచ్చిన బ్రీఫింగ్ నాలుగు నిమిషాలే సాగింది. ముఠా పేరు ఓరియన్. డబ్బు విదేశానిది, చేతులు మనవాళ్లవి. టార్గెట్ తుంగభద్ర మీది రైల్వే వంతెన. ఆదోనిలోని భోగేశ్వర ప్రెస్సింగ్ మిల్లు నుంచి ఈ రోజు ఒక వ్యాగన్, రేపు ఒక వ్యాగన్ పత్తి బేళ్లు ఆ వంతెన మీదుగా వెళ్తాయి. వ్యాగన్‌కు నూట ఇరవై బేళ్లు. వాటిలో ఒకదాంట్లో బాంబు ఉంది. ఏ రోజు, ఏ బేలు, ఎన్ని గంటలకు అన్నది ఓరియన్ కాగితం మీద పెట్టదు. ఒక కంప్యూటర్ ప్రోగ్రాం లెక్కకట్టి చెబుతుంది.

ఆ ప్రోగ్రాంను పట్టుకున్నది భీమసేనరావు. లెక్కల మాస్టారుగా రిటైరయ్యాక కంప్యూటర్ నేర్చుకున్నాడు. అమావాస్య నాడు ఆదోని ప్రెస్సులు, ఎమ్మిగనూరు మగ్గాలు ఆగిపోతాయి కాబట్టి, తిథులు లెక్కకట్టే ఒక లైబ్రరీ రాసి రెండు ఊళ్లలోని రెండు మెషీన్లకూ ఇచ్చాడు. లైబ్రరీ అంటే పుస్తకాలు కాదు. ఒకరు ఒకసారి రాసిపెడితే ఎన్ని ప్రోగ్రాంలైనా అప్పు తీసుకుని వాడుకునే లెక్క. నెల కిందట, తాను రాయని ప్రోగ్రాం ఒకటి తన లైబ్రరీని వాడుకోవడం ఎమ్మిగనూరు మెషీన్‌లో ఆయన కంటపడింది. దాన్ని కాపీ చేసుకుని బ్యూరోకు కబురు పంపాడు.

"ఎమ్మిగనూరులో మన మనిషి ఒకరున్నారు," అన్నాడు చీఫ్ చివరిగా. "దేవకి. ఓరియన్‌లో చేరి మనకు సమాచారం ఇస్తోంది. డబుల్ ఏజెంట్."

"ఎవరికి డబుల్ సార్?"

చీఫ్ ఫైలు మూసేశాడు.

మిల్లు ఆఫీసు వెనక కంప్యూటర్ గది. చుట్టూ అద్దాలు, లోపల ఒక బల్ల, బల్ల మీద ఆకుపచ్చ అక్షరాల మానిటర్. ఏసీ చెడిపోయి చాలా రోజులైంది. కిటికీకి తడి గోనెసంచి వేలాడదీసి ఉంది. గది ఊడ్చే మనిషి దాని మీద చెంబుతో నీళ్లు చల్లుతోంది. నలభై ఏళ్లు ఉంటాయి. ముఖం చిటపటలాడుతోంది.

ఆమె పేరు హుసేనమ్మ. మెకానిక్‌ను పైనుంచి కిందికి చూసి, ముందొచ్చిన మెకానిక్కులు ఆరుమంది ఏసీ బాగు చెయ్యలేకపోయారనీ, ఏడోవాడి మీద తనకేం ఆశ లేదనీ చెప్పింది. తాను అయ్యవారని పిలిచే మాస్టారు చనిపోయిన సంగతి ఆమెకు అప్పటికే తెలిసింది. గోనెసంచి మీద ఇంకో చెంబు నీళ్లు కొట్టింది.

దత్తాత్రేయ ఫ్లాపీని డ్రైవ్‌లో పెట్టాడు. గరగరమంది. ‘డిస్క్ రీడ్ ఎర్రర్.’

"పెట్టకముందే తుడవల్ల," అంది హుసేనమ్మ వెనకనుంచి. "ఈ గాలిలో గాలి కంటే దూదే జాస్తి. అయ్యవారు దినామూ స్పిరిట్టు గుడ్డతో లోపల తుడిపిస్తాండె."

తుడిచాక డిస్క్ చదివింది. రెండో అడ్డంకి వెంటనే వచ్చింది. ‘రన్‌టైమ్ వెర్షన్ మిస్‌మ్యాచ్.’ ప్రోగ్రాం నడవడానికి దాని కింద ఇంకో ప్రోగ్రాం ఉండాలి. పొయ్యి లేకుండా కుండ ఉడకదు. ఎమ్మిగనూరు పొయ్యి కొత్తది, ఆదోనిది పాతది. కంప్యూటర్ అమ్మిన కంపెనీ బీరువాలో పడేసి వెళ్లిన డిస్కులన్నీ వెతికి కొత్త రన్‌టైమ్ ఎక్కించేసరికి తొమ్మిదీ నలభై అయింది.

‘లైబ్రరీ తిథి నాట్ ఫౌండ్.’

మాస్టారు ప్రోగ్రాంను ఒక్కదాన్నే కాపీ చేశాడు. అది వాడుకునే లైబ్రరీని తీసుకురాలేదు. ఆదోని మెషీన్‌కు తానే ఇచ్చాడు కదా, అక్కడ ఉంటుందిలే అనుకున్నట్టున్నాడు. ఉంది కూడా. ‘అమావాస్య సెలవులు’ అని మాస్టారి చేతిరాత ఉన్న డిస్క్ సొరుగులో దొరికింది. దత్తాత్రేయ లైబ్రరీని తెరిచి మొదటి నాలుగు వరుసలు చదివాడు. ‘ఎడిషన్ 2. అరుణోదయం కూడా చూడాలి. 96 నిమిషాలు. ఎడిషన్ 1లో ఇది లేదు, నా తప్పు.’ ఆ మాటల మీద అతను ఆగలేదు. ఆగి ఉండాల్సింది.

అద్దాల అవతల వ్యాగన్‌లోకి బేళ్లు ఎక్కిస్తున్నారు. దారిలో బండి నెమ్మదించే చోట దొంగలు కొక్కేలతో పత్తి లాగకుండా, మిల్లువాళ్లు ప్రతి వ్యాగన్‌లో ఒక మనిషిని కూర్చోబెట్టి బయట సీలు వేస్తారు. రాయచూరులో సీలు తీసేదాకా అతనికి ఒక కుండ నీళ్లు, నాలుగు జొన్నరొట్టెలు. ఈ రోజు లోపల కూర్చునే మనిషి జయన్న, హుసేనమ్మ మొగుడు. దూది పీల్చి పీల్చి దగ్గు పట్టింది, ఈసారి పోవద్దని ఆమె బతిమాలింది. వినకుండా రొట్టెలు కూడా మరిచి పొద్దున్నే బయలుదేరాడు. పోతే పొమ్మనీ, మళ్లీ తన గడప తొక్కొద్దనీ ఆమె వీధిలోకి వచ్చి మరీ అరిచింది. ఈ సంగతంతా ఆమె చెప్పలేదు. బేళ్లు మోసే వాళ్లు నవ్వుకుంటూ చెప్పారు. ఆమె మాత్రం అద్దంలోంచి వ్యాగన్ వైపు చూడటం మానలేదు.

పదీ నలభై ఐదుకు గేటులోకి తెల్ల ఫియట్ కారు వచ్చింది.

దేవకి దిగింది. నీలిరంగు ఎమ్మిగనూరు నేత చీర, కళ్లకు నల్లద్దాలు, చేతిలో లైటర్ లాంటి కెమెరా. గుమాస్తాలు కలాలు ఆపి చూశారు. ఎమ్మిగనూరులో వస్త్రవాణి డిజైన్ సెంటర్‌కు ఆమె ఇన్‌ఛార్జి. మంత్రాలయంలో మఠం సేవ చేసే కుటుంబంలో పుట్టిన పిల్లగా ఆ ఊళ్లో చెలామణి అవుతోంది. ఆమె నిజంగా ఎక్కడ పుట్టిందో బ్యూరోలో కూడా ఎవరికీ తెలియదు.

మూడేళ్ల కిందట గుంతకల్లు జంక్షన్‌లో, మూడో నంబరు ప్లాట్‌ఫారం మీద, దత్తాత్రేయ ఆమె కోసం ఎదురుచూశాడు. ఇద్దరూ కలిసి వెళ్లాల్సిన బండి వెళ్లిపోయింది. ఆమె రాలేదు. ఆ తర్వాత ఇదే చూడటం.

"కరెంటు ఉందా?" అంది దేవకి.

"ఉంది గానీ నమ్మకం లేదు."

"ఆ రెండో మాట కోడ్ కోసమేనా?"

"మీరే తేల్చుకోండి."

అతను బటన్ నొక్కాడు. ఈసారి ప్రోగ్రాం ఎక్కడా తడబడలేదు. ఆకుపచ్చ అక్షరాలు వరుసగా వచ్చాయి. ‘ఏకాదశి. రేపు. బేలు 31. 15:10.’

దేవకి నల్లద్దాలు తీసి తెరను చదివింది. రోజంతా టైముంది కాబట్టి రేపటి వ్యాగన్ ఎక్కేటప్పుడు ముప్పై ఒకటో బేలును పట్టుకుంటే చాలంది. దత్తాత్రేయ ఈ రోజు వ్యాగన్‌ను కూడా ఆపుదామన్నాడు. అలా చేస్తే ఓరియన్‌కు అనుమానం వస్తుందనీ, బేలు మార్చేస్తారనీ, అప్పుడు మాస్టారి చావు వృథా అవుతుందనీ ఆమె మెల్లగా, ఒక్కొక్క మాటే చెప్పింది. చివరి మాట అతనికి తగిలింది. వ్యాగన్‌ను పోనివ్వడానికి ఒప్పుకున్నాడు.

గుమాస్తా హోటలు నుంచి కాఫీ తెప్పించాడు. దేవకి గ్లాసును వేలితో పక్కకు జరిపింది. "ఈ రోజు మాకు ఏకాదశి. నీళ్లు కూడా ముట్టను." హైదరాబాద్‌కు ఫోన్ చెయ్యాలని పదకొండున్నరకు కారెక్కింది. అదే సమయానికి వ్యాగన్‌కు సీలు వేసి, గూడ్సు బండికి తగిలించారు. కూత వినిపించగానే హుసేనమ్మ చేతిలో చెంబు ఆగింది. తర్వాత మళ్లీ నీళ్లు చల్లింది.

పన్నెండు గంటలకు కరెంటు పోయింది. ఇక నాలుగు దాకా రాదు. ఆదోనిలో అది రోజూ ఉండే కోత.

చీకటి తెర ముందు కూర్చుని దత్తాత్రేయ మాస్టారి వస్తువులకు జాబితా రాయడం మొదలుపెట్టాడు. పుస్తకం, కళ్లజోడు, చేతిగుడ్డ, టిఫిన్ క్యారియర్. అన్నం ఎండకు పులిసిపోతోంది, పారబొయ్యమని క్యారియర్‌ను హుసేనమ్మకు ఇచ్చాడు. ఆమె మూత తీసి అట్లాగే నిలబడిపోయింది. పై గిన్నెలో పెరుగన్నం, కింద గిన్నెలో చల్లమిరపకాయలు.

"ఏమప్పా," అంది. "అయ్యవారికి ఈ పొద్దు ఏకాదశి కాదు."

"ఎట్లా తెలుసు?"

"రెండేండ్ల సంది ఈ రూములో కసువు కొడతాండా. ఏకాదశి నాడు ఆయప్ప ఎంగిలి కూడా మింగడు. నీళ్ల సెంబు దగ్గర పెడితే కాలుతో నూకుతాడు. అట్లాటోడు పెరుగన్నం కట్టుకొని బండెక్కుతాడా?" ఆమె మూత పెట్టింది. "ఆ నల్లద్దాల యమ్మ కూడా మఠమోళ్ల బిడ్డేనంట కదా. ఒగే మఠం, ఒగే దేవుడు. ఆయనకు లేని ఏకాదశి ఆయమ్మకు యాడినుంచి వచ్చె?"

దత్తాత్రేయ చేతిలో కలం ఆగిపోయింది.

అతనికి ఇప్పుడు మాస్టారి నాలుగు వరుసలు మొదటిసారి అర్థమయ్యాయి. సూర్యోదయానికి ఏకాదశి ఉంటే చాలు, ఆ రోజే ఉపవాసం అన్నది ఒక లెక్క. మఠంవాళ్ల లెక్క వేరు. సూర్యోదయానికి తొంభై ఆరు నిమిషాల ముందు, అరుణోదయ వేళకు, దశమి ఇంకా మిగిలి ఉంటే ఆ ఏకాదశి వాళ్లకు పనికిరాదు. ఉపవాసం మర్నాటికి జరుగుతుంది. మాస్టారు మొదట రాసిన లైబ్రరీలో ఆ సంగతి మరిచిపోయాడు. రెండో ఎడిషన్‌లో దిద్దుకుని, దిద్దినదాన్ని ఆదోనిలో పెట్టాడు. ఎమ్మిగనూరులో మాత్రం పాతదే ఉండిపోయింది. ఓరియన్ తన ప్రోగ్రాంను ఆ పాతదాని మీదే కట్టింది.

మఠం పిల్ల వేషం వేసుకున్న దేవకికి ఏకాదశి ఎప్పుడో చెప్పే అమ్మ లేదు, నాయనమ్మ లేదు. మెషీన్‌ను అడిగి ఉపవాసం ఉంది. ఆమె ఆకలిగా ఉన్న రోజే ఓరియన్ ఏకాదశి. అంటే ఈ రోజే.

ఎర్రర్ చూపించే మెషీన్ చెడ్డది కాదు. తనకు తెలియదని ఒప్పుకుంటుంది. ఏ తప్పూ లేనట్టు నడిచి తప్పు జవాబు ఇచ్చే మెషీన్ చంపుతుంది. మంచి లైబ్రరీ, మంచి ప్రోగ్రాం, రెండూ ఒకదాని కోసం ఒకటి పుట్టినవి కావు. ఆ తప్పుడు జవాబు చూసి దేవకి ఎంత ప్రశాంతంగా ఉందో గుర్తొచ్చి అతనికి ఒళ్లు మండింది.

ఆదోని స్టేషన్‌కు పరిగెత్తాడు. ముందు స్టేషన్లకు పోయే తీగలు పదకొండూ ముక్కాలు నుంచి పనిచెయ్యడం లేదని స్టేషన్ మాస్టర్ చెప్పాడు. ఎవరో తెంపారు. గూడ్సు బండి కోసిగిలో పక్క లైన్లో ఆగి, ఎదురుగా వచ్చే పాసింజరును పోనిచ్చి, మూడూ ఇరవైకి కదులుతుంది. ఆ తర్వాత వంతెన. బండిని కోసిగిలోనే ఆపేస్తే బాంబు ఊరి మధ్య, పాసింజరు పక్కనే పేలవచ్చు. అక్కడికి పోయి సీలు పగలగొట్టవచ్చు. కానీ నూట ఇరవై బేళ్లలో ఏది? నంబరు కావాలంటే మెషీన్ కావాలి, మెషీన్‌కు కరెంటు కావాలి. జనరేటర్ ఉన్న కంప్యూటర్ ఎమ్మిగనూరులో ఒక్కటే ఉంది. అది దేవకిది.

తిరిగొచ్చి మిల్లు జీపు స్టార్ట్ చేసేసరికి పక్కసీట్లో హుసేనమ్మ కూర్చుని ఉంది. చేతిలో తడి గోనెసంచి. ఎందుకని అడిగాడు. మెషీన్ దగ్గరికే కదా పోయేది, చల్లగా ఉంచకపోతే అది లెయ్యదు అంది. ఆదోని దాటాక, రోడ్డు వైపే చూస్తూ ఇంకో మాట అంది.

"ఆ వ్యాగన్లో మా ఆయన ఉండాడు."

"తెలుసు."

"తెలిసే పోనిస్తివా?"

అతను యాక్సిలరేటరును ఇంకా తొక్కాడు. మిరపచేల మధ్య జీపు డెబ్బైలో పోతోంది.

వస్త్రవాణి డిజైన్ సెంటర్ గేటు తెరిచే ఉంది. మధ్యాహ్నం ఒకటీ యాభై. పెద్ద మగ్గాల గదిలో ఎవరూ లేరు. వెనక జనరేటర్ మోగుతోంది. లోపలి గదిలో కంప్యూటర్ ముందు దేవకి నిలబడి ఉంది. ఒక చేతిలో చిన్న పిస్తోలు, ఇంకో చేతిలో లైటర్. ఆ లైటర్ కెమెరానే కాదు, లైటర్ కూడా. బల్ల మీద ఇత్తడి పళ్లెంలో ఫ్లాపీ ఒకటి నల్లగా ముడుచుకుపోతోంది.

"ఎడిషన్ ఒకటి," అంది. "ప్రపంచంలో అదొక్కటే కాపీ. ఇప్పుడు అదీ లేదు. బాక్సు కింద పెట్టండి."

దత్తాత్రేయ పెట్టాడు. ఎవరికి డబుల్ అని చీఫ్‌ను అడిగిన ప్రశ్నకు జవాబు అతని ఎదుటే నిలబడి ఉంది. మాస్టారిని చంపించింది కూడా తానేనని ఆమె దాచలేదు. ముసలాయన కాపీ చేసిన రోజునే తనకు తెలుసనీ, ఆదోనిలో అది తప్పు జవాబు ఇస్తుందని తెలిసే స్టేషన్ దాకా రానిచ్చాననీ చెప్పింది. మాట్లాడుతూ నాలుకతో పెదవులు తడుపుకుంది. ఉపవాసం ఆమె మీద పనిచేస్తోంది.

"ఏకాదశి ఈ రోజు కాదు దేవకీ. రేపు."

ఆమె కనుబొమలు కదిలాయి. ఒక్క క్షణం గోడ వైపు చూసింది. అక్కడ సంవత్సరం పొడుగునా ఏకాదశులు అచ్చువేసిన కంప్యూటర్ కాగితం వేలాడుతోంది.

వెనక తలుపులోంచి ఊడ్చే మనిషి వచ్చింది. ఊడ్చేవాళ్లను ఎవరూ చూడరు. దేవకి కూడా చూడలేదు. తడి గోనెసంచి ఆమె తల మీద పడింది. దాని వెనకే హుసేనమ్మ బరువంతా పడింది. పిస్తోలు పైకప్పు వైపు పేలింది. మూడు నిమిషాల తర్వాత దేవకి మగ్గం నూలుతో కుర్చీకి కట్టేసి ఉంది. పిస్తోలు దత్తాత్రేయ జేబులోకి చేరింది.

"కాలిపోయింది," అంది దేవకి, గోనె పీచు ఉమ్మేస్తూ. "ఇక మీరు ఏం చెయ్యలేరు."

దత్తాత్రేయ బూడిద వైపు చూడలేదు. టూల్ బాక్సులోంచి మాస్టారి ఫ్లాపీనీ, ‘అమావాస్య సెలవులు’ డిస్క్‌నూ తీశాడు. పాత లైబ్రరీ లేదు, నిజమే. కానీ కొత్తది ఉంది, పాతదానికీ కొత్తదానికీ తేడా ఏమిటో మాస్టారే రాసిపెట్టాడు. తన తప్పును దాచుకోని మనిషి ఆయన. దత్తాత్రేయ లైబ్రరీని తెరిచి వరుసలు కిందికి జరుపుతూ పోయాడు. నూట నలభయ్యో వరుసలో దొరికింది. అరుణోదయం, 96. తొంభై ఆరును చెరిపి సున్నా పెట్టాడు.

ఒక చనిపోయిన మనిషి దిద్దుకున్న తప్పును మళ్లీ తప్పు చెయ్యడం అతనికి బాగా అనిపించలేదు.

సరిచూసుకోకుండా ఈసారి నమ్మదలచుకోలేదు. ముందు సంవత్సరం మొత్తం ఏకాదశులు అడిగాడు. తెర మీది తేదీలను హుసేనమ్మ ఒక్కొక్కటే గోడ కాగితంతో కలిపి చూసింది. ఆమెకు చదువు రాదు, అంకెలు వచ్చు. ఇరవై నాలుగూ కలిశాయి. పాత ఎడిషన్ మళ్లీ పుట్టింది.

జనరేటర్ దగ్గింది. తెర మసకబారింది. హుసేనమ్మ బయటికి పరిగెత్తి డీజిలు పోసింది. దత్తాత్రేయ బటన్ నొక్కాడు.

‘ఏకాదశి. ఈ రోజు. బేలు 74. 15:40.’

టైము రెండూ పదిహేను. ఫోను ఎత్తాడు. చచ్చి ఉంది. దేవకి నవ్వింది. ఆమెను పోలీస్ స్టేషన్ మెట్ల మీద కుర్చీతో సహా దించి, హుసేనమ్మతో జీపును కోసిగి దారి పట్టించాడు.

ఆ దారిని దారి అనడం మర్యాద కోసమే. మూడూ ఇరవై ఐదుకు కోసిగి స్టేషన్ కనిపించేసరికి గూడ్సు బండి ఐదు నిమిషాలు ఆలస్యంగా అప్పుడే కదులుతోంది. దత్తాత్రేయ జీపును పట్టాల పక్కన ఆపి, హుసేనమ్మను అందులోనే వదిలి, సుత్తి తీసుకుని పరిగెత్తి, మిల్లు గుర్తున్న వ్యాగన్ మెట్టు అందుకున్నాడు. మూడు దెబ్బలకు సీలు ఊడింది. తలుపు జరపగానే లోపలి నుంచి బేళ్లు లాగే ఇనప కొక్కెం అతని చెవి పక్కనుంచి పోయి తలుపులో దిగింది.

"ఎవడ్రా నువ్వు? దిగు."

జయన్న దొంగ అనుకున్నాడు. అనుకోవడం అతని పని. దత్తాత్రేయ ఊపిరి తీసుకుని, హుసేనమ్మ పంపిందన్నాడు. కొక్కెం పెరకబోయిన చెయ్యి ఆగింది. అయితే అబద్ధమే, అది తనను పలకరించను కూడా పలకరించదు అన్నాడు జయన్న దగ్గుతూ. డెబ్బై నాలుగో బేలులో బాంబుంది, పదమూడు నిమిషాలుంది అని దత్తాత్రేయ చెప్పాడు. జయన్న అతని కళ్లలోకి చూశాడు. తలుపులోంచి కొక్కెం పెరికాడు.

"డెబ్బై నాలుగు అడుగు వరసలో ఉంది. ఎడమ పక్క, మూల. నేనే పెట్టినా."

బేలు మీద బేలు, నాలుగు వరసలు. ఒక్కొక్కటి నూటడెబ్బై కిలోలు. అన్నీ తియ్యాలంటే సాయంత్రం అవుతుంది. జయన్న తియ్యలేదు. మూలకు పోయి, కొక్కెంతో పై మూడింటినీ ఒక్కొక్క తోపుకు ముందుకు దొర్లించాడు. ఇరవై ఏళ్లుగా వాటితో కుస్తీ పడుతున్న మనిషి. ప్రతి తోపుకూ దగ్గు వస్తోంది. మూడో బేలు దత్తాత్రేయ కాలి మీద పడబోయి తప్పింది. అడుగున గోనె మీద నల్ల సిరాతో 74. కుట్టు దగ్గర దారం రంగు వేరే. చెవి ఆనిస్తే లోపల గడియారం.

మూడూ ముప్పై ఎనిమిది. బండి వేగం అందుకుంది. దూరంగా వంతెన కమ్మీలు కనిపిస్తున్నాయి. బేలు అంగుళం అంగుళంగా తలుపు వైపు జరిగింది. తలుపు అంచున ఇరుక్కుంది. జయన్న నేల మీద వెల్లకిలా పడుకుని, రెండు కాళ్లూ బేలుకు ఆనించి, గట్టిగా తన్నాడు.

అది కట్ట మీదనుంచి దొర్లి నల్లరేగడి చేలోకి పోయింది. దత్తాత్రేయ వాచీలో సెకన్ల ముల్లు పదకొండు నుంచి పన్నెండు వైపు కదులుతోంది. పన్నెండు మీదికి రాగానే చేను పైకి లేచింది. వ్యాగన్ అటూ ఇటూ ఊగి పట్టాల మీదే నిలబడింది. గార్డు బ్రేకు వేశాడు. వంతెన మొదటి కమ్మీకి ఇంజను వంద గజాల ఇవతల ఆగింది.

తర్వాత చాలాసేపు నల్లటి నేల మీద దూది కురిసింది.

గంటన్నర తర్వాత పట్టాల వెంట హుసేనమ్మ నడిచి వచ్చింది. పరిగెత్తి పరిగెత్తి ఇక పరిగెత్తలేక నడిచింది. జుట్టంతా దూది. జయన్న కట్ట మీద కూర్చుని దగ్గుతున్నాడు. ఆమె కొంగు ముడి విప్పి, పొద్దున అతను మరిచిపోయిన రొట్టెలు తీసి ఒళ్లో పడేసింది. అతను వాటిని చూశాడు, ఆమెను చూశాడు.

"మల్ల నీ గడప తొక్కొద్దంటివి."

"నువ్వు తొక్కొద్దంటి," అంది హుసేనమ్మ. "నేనే దాటొస్తి. తిను."

సాయంత్రం ఎమ్మిగనూరు పోలీస్ స్టేషన్‌లో దేవకిని వ్యాన్ ఎక్కించారు. ఆమె ఎక్కబోతూ ఆగి, గుంతకల్లులో తన కోసం ఎంతసేపు చూశారని దత్తాత్రేయను అడిగింది.

"రెండు బండ్లు పోయేదాకా."

"మూడోదాని దాకా ఉండాల్సింది."

"మూడోదాంట్లో వచ్చేవారా?"

"లేదు," అంది దేవకి. వ్యాన్ తలుపు మూశారు. అతను వ్యాన్ వెనక ఎర్రదీపం మలుపు తిరిగేదాకా నిలబడ్డాడు, అలవాటు కొద్దీ.

మర్నాడు మధ్యాహ్నం ఫోన్ పనిచేసింది. చీఫ్ రిపోర్టు అంతా విన్నాడు. ఎక్కడ తప్పు జరిగిందో ఒక్క ముక్కలో చెప్పమన్నాడు. ఒకచోట నడిచిన ప్రోగ్రాం ఇంకోచోట కూడా అట్లాగే నడుస్తుందని అందరం అనుకున్నాం సార్ అన్నాడు దత్తాత్రేయ. మాస్టారు అనుకున్నాడు, నేను అనుకున్నాను. మాస్టారి డిస్క్‌లో సున్నాను చెరిపి మళ్లీ తొంభై ఆరు పెట్టి, స్తోత్రాల పుస్తకంతో పాటు ఆయన ఇంటికి పంపించానని కూడా చెప్పాడు.

"గొంతు నీరసంగా ఉంది. దెబ్బలేమైనా తగిలాయా?" అన్నాడు చీఫ్. "భోజనం చేసి మాట్లాడు."

"రేపు చేస్తాను సార్. ఈ రోజు ఏకాదశి. రెండో ఎడిషన్."